పడిన చెట్టు ఎవరిది, పగిలిన రేకులు ఎవరివి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చెట్ల గొడవలే. మే నెలలో ఈదురు గాలులు మొదలయ్యాయంటే ఏటా ఇదే వరస. ముప్పై నాలుగేళ్లుగా గోదావరి జిల్లాల సివిల్ కోర్టుల్లో నల్లకోటు వేసుకుని తిరుగుతున్నాను. గట్టు తగాదాల తర్వాత నా గుమ్మం ఎక్కువగా తొక్కినవి చెట్టు తగాదాలే. ఒక ఉత్తరానికి తీరిగ్గా, మిగతా మూడింటికి టూకీగా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా పెరటి గోడ అవతల పక్కింటి వాళ్లవి పద్నాలుగు కొబ్బరి చెట్లున్నాయి. అందులో ఒకటి మూడేళ్లుగా మా వంటింటి మీదికి వాలి ఉంది. దాని మొదలు దగ్గర నుంచి నిలువెత్తు దాకా బెజ్జాలు పడి ఎర్రగా జిగురు కారేది. పక్కింటాయన మాకు వరసకు బాబాయి. "బాబాయి గారూ, ఆ చెట్టు తీయించేయండి" అని ఎన్నిసార్లు అన్నామో లెక్కలేదు. కిందటి సంక్రాంతికి మా అబ్బాయి ఆ బెజ్జాలు ఫోటో తీసి ఆయనకు వాట్సాప్‌లో పెట్టాడు. "ఆయ్, దింపు (కాయల కోత) అయ్యాక చూద్దాంలే" అని వాయిస్ మెసేజ్ వచ్చింది. మే నెలలో ఒక రాత్రి గాలివానకు ఆ చెట్టు నడుమకు విరిగి మా మీద పడింది. ఏడు సిమెంటు రేకులు, నీళ్ల ట్యాంకు, గోడ పైన రెండు వరసల ఇటుక, కింద పెట్టిన మా అమ్మాయి స్కూటరు పోయాయి. మేస్త్రీ, మెకానిక్కు కలిపి 84 వేలు లెక్క చెప్పారు. బాబాయి గారేమో "గాలికి పడితే నన్నేం చేయమంటావమ్మా, దేవుణ్ణి అడుగు" అంటున్నారు. పెద్దలు కూర్చుంటే పదివేలకు ఒప్పుకున్నారు. పైగా విరిగిన చెట్టు కాయలు నలభై దాకా మేం తీసుకున్నామని, అది దొంగతనమని ఊళ్లో చెబుతున్నారు. మాకు నష్టపరిహారం వస్తుందా?

జవాబు: అమ్మా, వస్తుందనే నా నమ్మకం. మీరు ఉత్తరంలో మాటవరసకు రాసిన రెండు ముక్కలే మిమ్మల్ని గట్టెక్కిస్తాయి. ఒకటి ఎర్రగా కారిన ఆ జిగురు, రెండోది ఆ "చూద్దాంలే".

చెట్టు పడి పక్కవాడికి నష్టం జరిగితే ఎవరెంత కట్టాలో చెప్పే ప్రత్యేక చట్టమంటూ మనకు లేదు. కోర్టులు దీన్ని నిర్లక్ష్యం, న్యూసెన్స్ (పక్కవాడు తన ఇల్లూ స్థలం సుఖంగా వాడుకోకుండా ఇబ్బంది పెట్టడం) అనే రెండు పద్దుల కింద సివిల్ తప్పుగా చూస్తాయి. చెట్టు ఆయనది, పడింది మీ ఇంటి మీద అన్నంత మాత్రాన డబ్బు రాదు. ఆ చెట్టు పడేలా ఉందని ఆయనకు తెలిసి ఉండాలి, లేదా కళ్లున్న మనిషికి ఎవరికైనా తెలిసేలా ఉండాలి. తెలిసీ ఏమీ చేయకపోతే అప్పుడు బాధ్యత ఆయన నెత్తిన పడుతుంది. ఇంగ్లండులో 1926 నాటి తీర్పు ఒకటుంది, మన కోర్టుల్లోనూ వాదనల్లో వినిపిస్తుంది. గాలీ వానా లేని రోజున ఒక బీచ్ చెట్టు కొమ్మ విరిగి దారిన పోతున్న బస్సు మీద పడింది. కొమ్మ లోపలి పగులు బయటికి కనపడేది కాదు. ఎంత జాగ్రత్తగా చూసినా తెలిసే లోపం కాదు కాబట్టి యజమానిది తప్పు కాదన్నారు. మీ కేసు దానికి సరిగ్గా తలకిందులు. మీ చెట్టు మూడేళ్లుగా చెబుతూనే ఉంది.

కొబ్బరి రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మీరు రాసినది ఎర్ర ముక్కు పురుగు పని లాగే ఉంది. పిల్ల పురుగు మాను లోపల గూడు కట్టుకుని మెత్తటి భాగమంతా తినేస్తుంది. బెజ్జాల్లోంచి ఎర్రటి జిగురు కారుతుంది, నమిలి వదిలిన పీచు బయటికి పొడుచుకొస్తుంది. మా నాన్న మానుకు చెవి ఆనించి వినేవారు. లోపల కరకరమని చప్పుడు వినిపిస్తే "అయిపోయిందిరా ఇది" అనేవారు. పై మట్టలు పచ్చగానే ఉంటాయి, గెలలు వేస్తూనే ఉంటుంది, లోపల మాత్రం డొల్ల. కోనసీమలో కొబ్బరి చెట్లున్న మనిషి ఈ గుర్తులు నాకు తెలియవంటే జడ్జి గారు నమ్మరు.

అందుకే ముందు ఆ మొద్దును కాపాడుకోండి. ఇంకా పొయ్యిలోకి వెళ్లలేదు కదా? విరిగిన చోట రెండు మూరల ముక్క కోయించి తడి తగలని చోట పెట్టండి. తొర్ర, బెజ్జాలు, లోపలి పిప్పి కనపడేలా పగటి వెలుతురులో ఫోటోలు తీయించండి, పక్కన ఒక స్కేలు పెట్టి. మీ మండలం ఉద్యాన అధికారి చేత చూపించి రెండు ముక్కలు రాయించుకోగలిగితే అంతకంటే కావలసింది లేదు. వాట్సాప్ మెసేజ్ ఉన్న ఫోను అమ్మకండి, మార్చకండి. ఫోనులోని సంగతి కోర్టుకు సాక్ష్యంగా ఇవ్వాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. పాత చట్టంలో దాన్నే 65బి అనేవాళ్లం. అది మీ వకీలు చూసుకుంటారు, మీరు ఫోను జాగ్రత్త చేస్తే చాలు.

ఇక "దేవుణ్ణి అడుగు" సంగతి. దైవికం అనే వాదన చట్టంలో నిజంగానే ఉంది. మనిషి ఊహకు, జాగ్రత్తకు అందని ప్రకృతి బీభత్సం వల్ల నష్టం జరిగితే ఎవరూ బాధ్యులు కారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డ రోజు నిక్షేపంలాంటి చెట్లు కూడా వేళ్లతో సహా లేచిపోయాయి. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి తోటలకు తోటలే నేలకొరిగాయి. ఆ రోజుల్లో పక్కింటి చెట్టు మీ మీద పడి ఉంటే "కేసు వదిలేయమ్మా" అని నేనే చెప్పేవాణ్ణి. కానీ మే నెల ఈదురు గాలి మన ప్రాంతానికి చుట్టం లాంటిది, ఏటా వస్తుంది. వస్తుందని అందరికీ తెలుసు. మీ బాబాయి గారికి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ రాత్రి మిగతా పదమూడు చెట్లు ఎందుకు పడలేదు? మీ అబ్బాయి చేత ఆ పదమూడింటినీ కూడా ఫోటో తీయించండి, నిటారుగా నిలబడి ఉన్నట్టు.

కాయల విషయానికి వస్తే ఆయన మాటలో కాస్త న్యాయం ఉంది. చెట్టు మీ పెరట్లో పడ్డా చెట్టూ కాయలూ ఆయనవే. దొంగతనం కేసు నిలబడదు లెండి, దొంగబుద్ధితో తీసినట్టు చూపించాలి దానికి. అయినా ఆ నలభై కాయల ఖరీదు మీరే లెక్క కట్టి మీరడిగే మొత్తంలోంచి తగ్గించి చూపండి. నలభై కాయల దగ్గర మీరు నిక్కచ్చిగా ఉన్నారంటే 84 వేల లెక్కను కూడా నమ్ముతారు.

ఆ 84 వేలు మొత్తం రావని కూడా ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి. పదేళ్ల నాటి రేకు పగిలితే కొత్త రేకు ధర ఇప్పించమంటే అవతలి వకీలు ఊరుకోడు. పాతబడిన మేరకు తగ్గిస్తారు. మేస్త్రీ కాగితం ముక్క మీద రాసిచ్చిన లెక్క కాకుండా, రేకుల కొట్టు బిల్లు, మెకానిక్కు బిల్లు తేదీలతో సంపాదించండి. స్కూటరుకు సొంత నష్టం కూడా కవరయ్యే ఇన్సూరెన్స్ ఉంటే ఆ ముక్క అక్కడ తేలిపోతుంది. ఒకే నష్టానికి రెండు చోట్ల వసూలు చేయకూడదు, అంతే.

కోర్టుకెళ్లాలా? వెంటనే వద్దు. వకీలు ద్వారా నోటీసు ఇప్పించండి, పోస్టులో, అందినట్టు రసీదుతో. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి పోస్టాఫీసులో కంగారు పడకండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే మీ కోర్టు ప్రాంగణంలోనే ఉండే మండల న్యాయ సేవా కమిటీకి వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అర్జీ ఇవ్వండి. అక్కడ కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఇంకో సంగతి, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు. అర్జీ మీ పేరు మీదే పెట్టండి, మీవారి పేరు మీద కాదు. సివిల్ దావాకు మామూలుగా మూడేళ్ల గడువుంది గానీ, మూడేళ్లు ఆగితే మొద్దు చెదలు పట్టిపోతుంది.

నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఎనిమిదేళ్ల కిందట మా పెరట్లో మునగ చెట్టు ఉండేది. మునగ కొమ్మ ఎంత పెళుసో మీకు నేను చెప్పాలా? మనిషిని ఊరికే మునగచెట్టు ఎక్కించొద్దంటారు అందుకే కాబోలు. ఒక వానాకాలం సాయంత్రం కాయల బరువుకు పెద్ద కొమ్మ విరిగి పక్కింటి మాస్టారి స్కూటరు మీద పడింది. హెడ్‌లైటు, అద్దం, సీటు. ఆయన వస్తే నేను నోరు తెరవగానే వచ్చిన మాట "ఇది దైవికం మాస్టారూ" అని. లోపల్నుంచి మా ఆవిడ, "కొమ్మ కొట్టించండని నెల రోజులుగా మొత్తుకుంటున్నాను, కోర్టు మాటలు ప్రహరీ దగ్గర చెప్పకండి" అంది. ప్రత్యక్ష సాక్షి, అదీ సొంత ఇంట్లో! మారు మాట్లాడకుండా 3,200 ఇచ్చి, సొరకాయ కూడా ఒకటి ఇచ్చి పంపాను. కాబట్టి మీ పిన్ని గారు ఆ చెట్టు గురించి ఆయనతో ఎప్పుడైనా పోట్లాడారేమో కనుక్కోండి. ఆవిడ చేత మధ్యవర్తిత్వం చేయిస్తే లోక్ అదాలత్ దాకా కూడా పోనక్కర్లేదేమో.

అన్నట్టు, ఇంకా ఏదైనా చెట్టు మీ వైపు వాలి ఉంటే మీరే నరికేయకండి. పక్కవాళ్ల కొమ్మ మన హద్దు దాటి వస్తే మన వైపు నిలబడి, హద్దు దాకా మాత్రమే కొట్టుకోవచ్చని 1890ల నుంచీ ఉన్న సూత్రం. కొట్టిన కొమ్మ, దాని కాయలు మాత్రం వాళ్లవే. మామిడికైతే అది సరిపోతుంది. కొబ్బరికి కొట్టడానికి కొమ్మ ఎక్కడుంది, ఉన్నదల్లా ఒక్క మొవ్వే. అది నరికితే చెట్టును చంపినట్టే, అప్పుడు నష్టపరిహారం మీరు కట్టాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా వీధిలో రోడ్డు పక్కన నిలిపిన కారు మీద కార్పొరేషన్ వాళ్ల చెట్టు పడింది. కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంది. కార్పొరేషన్ మీద కేసు వేస్తే గెలుస్తానా?

జవాబు: చెట్టు ఎలా ఉండేదో మీరు రాయలేదు, అసలు కీలకం అదే. సుప్రీంకోర్టు తీర్పులు రెండు చెబుతాను. రాజ్‌కోట్‌లో 1975లో ఒకాయన ఆఫీసుకు నడిచి వెళుతుంటే రోడ్డు పక్క చెట్టు కూలి మీద పడింది, చనిపోయారు. కుటుంబం కింది కోర్టులో, హైకోర్టులో గెలిచింది. 1997లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ చెట్టు పడుతుందని ముందే ఊహించగలిగే పరిస్థితి లేదు, ఊరంతా నాటిన ప్రతి చెట్టుకూ కాపలా కాయమంటే ఇక చెట్లు నాటేదెవరు అన్నది ఆ తీర్పు సారాంశం. రెండోది ఢిల్లీది. 1964లో స్కూటరు మీద పోతున్న మనిషి తల మీద కొమ్మ విరిగిపడి ప్రాణం పోయింది. 1999లో అదే సుప్రీంకోర్టు కార్పొరేషనే బాధ్యురాలంది. ఎండిన చెట్లను, జనం మీద పడేలా ముందుకు వచ్చిన కొమ్మలను ఎప్పటికప్పుడు తనిఖీ చేసి తీయించడం వాళ్ల పని, అది చేయలేదు అని.

1964 నుంచి 1999. ముప్పై ఐదేళ్లు! మీ కారు అంతకాలం బతకదు.

మీ చెట్టు ఢిల్లీ చెట్టా, రాజ్‌కోట్ చెట్టా అన్నది తేల్చుకోండి. పడకముందు ఎవరైనా ఫిర్యాదు చేశారా? కాలనీ సంఘం అర్జీ, ఫిర్యాదు నంబరు, ఎండిన కొమ్మల పాత ఫోటో, ఏదో ఒకటి దొరికితే నోటీసు ఇవ్వండి. కార్పొరేషన్ల మీద దావాకు ముందుగా నోటీసు ఇవ్వాలి. గడువులు మామూలు దావాల కంటే బాగా తక్కువ, కాబట్టి ఈ వారమే వకీలును కలవండి. మొదలు చుట్టూ గొంతు దాకా సిమెంటు పోసి ఉందేమో కూడా చూడండి. వేళ్లకు ఊపిరాడకుండా చేశారనడానికి అది పనికొస్తుంది. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ అధికారులను ఆదేశించింది. ఇక ఇన్సూరెన్స్ మాట, థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివాడికి మీరు చేసిన నష్టానికే. పడిన చెట్టుకు, తుపానుకు పనికొచ్చేది కాంప్రిహెన్సివ్. వచ్చే ఏడాది నాలుగు వేలు మిగుల్చుకుందామని చూడకండి.

ప్రశ్న: మాకూ పక్కవాళ్లకూ ఉమ్మడి గోడ. వాళ్ల వైపు పగులులో రావి మొక్క మొలిచింది. నాలుగేళ్లలో బొటనవేలు లావయింది, గోడ మా వైపు ఉబ్బుతోంది. పీకమంటే "రావి చెట్టు పీకితే పాపం" అంటున్నారు.

జవాబు: వేళ్ల వల్ల గోడ పాడైతే అది కూడా న్యూసెన్సే, పడే దాకా ఆగక్కర్లేదు. తొలగించమని ఆజ్ఞ కోరుతూ దావా వేయవచ్చు, ఇప్పటిదాకా అయిన నష్టం అడగవచ్చు. గోడ ఉబ్బును నెలకొకసారి ఒకే చోట నిలబడి ఫోటో తీయండి, పగులుకు అడ్డంగా పెన్సిల్ గీత గీసి తేదీ వేయండి. కానీ దావా కంటే ముందు మీ గుడి పూజారి గారిని పిలవండి. మా ఊళ్లో ఇలాంటి రావి మొక్కలను వేరుతో తీసి చెరువు గట్టు మీద నాటి, పక్కన వేపను పెట్టి పెళ్లి చేసేవారు. పాపం సంగతి ఆయన తీరుస్తారు. బొటనవేలు లావులో ఉండగానే పని కానివ్వండి. ముంజేయంత అయితే మొక్కతో పాటు గోడ కూడా వస్తుంది.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. కాకినాడలో మా నాన్నగారిచ్చిన 300 గజాల ఖాళీ స్థలం ఉంది. అందులో పెద్ద వేపచెట్టు నిలువునా ఎండిపోయిందని, తమ ఇంటి వైపు ఒరుగుతోందని పక్కింటాయన ఫోటో పంపారు. నేను ఇక్కడుండగా అక్కడ ఏదైనా జరిగితే నన్ను అడుగుతారా?

జవాబు: అడుగుతారు బాబూ. స్థలం మీది, చెట్టు మీది. మీరు ఎక్కడుంటే ఏమిటి? ఆ ఫోటో తెరిచి చూసిన నిమిషం నుంచి మీకు "తెలియదు" అనే దారి మూసుకుపోయింది. పైన అమలాపురం అమ్మకు రాసింది ఒకసారి చదవండి, అక్కడి బాబాయి గారి స్థానంలో ఇప్పుడు మీరున్నారు.

కానీ ఎవరికో ఫోనులో చెప్పి రాత్రికి రాత్రి నరికించేయకండి. 2002లో వచ్చిన వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది, సొంత స్థలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి ఉండాలి. మీ తరఫున సంతకం పెట్టడానికి అక్కడి బంధువు ఎవరికైనా అధికార పత్రం రాసివ్వండి, ఎండిన చెట్టు ఫోటోలతో అటవీ శాఖలో అర్జీ పెట్టించండి. "పక్కింటి మీద పడే ప్రమాదం ఉంది" అన్న ముక్క మొదటి వాక్యంలోనే ఉండాలి. మీరు కదలకపోతే పక్కింటాయనకూ ఒక దారుంది. పడబోయే చెట్టు వల్ల ఇరుగుపొరుగుకో, దారిన పోయేవాళ్లకో దెబ్బ తగిలేలా ఉంటే దాన్ని తీసేయమనో, దన్ను పెట్టమనో ఆర్డీఓ ఉత్తర్వు ఇవ్వవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 133. ఆ ఉత్తర్వు మీ పేరు మీద రాకముందే కదలండి.

చెట్టు తీయించే లోపు ఆ వైపు గదిలో ఎవరూ పడుకోవద్దని చెప్పడానికి ఆయనకు ఈ రాత్రే ఫోన్ చేయండి. మీకు రాత్రయితే కాకినాడలో తెల్లవారుతూ ఉంటుంది, లేచే ఉంటారు.